దివాన్ దేవిడీ తుది యజమాని

హైదరాబాదునకు విహారయాత్రగా పిల్లలను తోడ్కొని వచ్చు ఉపాధ్యాయులకు ఒక తొందర యుండును. చార్మినారు చూచినను చూడకున్నను, మధ్యాహ్నము పండ్రెండు గంటలకు ముందుగా సాలార్‌జంగు మ్యూజియములోని పెద్ద గడియారము ఎదుట పిల్లలను కూర్చుండబెట్టవలెను. ఆ గడియారములో ఒక కమ్మరి బొమ్మ సుత్తి చేతబట్టి సెకనుసెకనునకు ఒక దెబ్బ వేయుచుండును. గంట నిండు వేళకు చిన్న తలుపు తెరచుకొని బొమ్మమనుష్యుడొకడు వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలో అన్ని దెబ్బలు కొట్టి, వచ్చిన దారినే లోపలికి పోవును. పండ్రెండింటికి దెబ్బలు ఎక్కువ కనుక ఆ వేళకు జనమును ఎక్కువ. జరుగునది అంతే. అయినను వందలమంది మాటలు మాని చూతురు. మణికట్టున గడియారము, జేబులో టెలిఫోను గలవారే, గంట ఎంతయినదో తెలియక కాదు, ఆ బొమ్మ రాకకై ఎదురుచూచుచుందురు.

ఆ గుంపులో ఏ పిల్లవాడో ఈ గడియారము ఎవరిదని అడుగును. నవాబుగారిదని జవాబు వచ్చును. ఏ నవాబని తిరిగి అడుగు పిల్లవాడు అరుదు. అడిగినచో ఉపాధ్యాయునికి కొంత చిక్కే, ఏలనన సాలార్‌జంగు అనునది ఒక మనుష్యుని పేరు కాదు. అది బిరుదు. తాత, తండ్రి, కుమారుడు ముగ్గురును ఆ బిరుదు వహించినవారే. చరిత్ర పుస్తకములలో కనబడు సాలార్‌జంగు తాత. మ్యూజియమునకు కారణమైనవాడు మూడవవాడు. ఆయనను గూర్చి పాఠ్యపుస్తకములు చెప్పునది తక్కువ. పరిపాలకుడుగా ఆయన కాలము రెండేండ్ల పైచిలుకు మాత్రమే గదా! తక్కిన జీవితమంతయు ఆయన చేసిన పని వస్తువులను కొనుట.

నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్ 13వ తేదీన పూనాలో జన్మించెను. తండ్రి మీర్ లాయఖ్ అలీఖాన్, రెండవ సాలార్‌జంగు, హైదరాబాదు సంస్థానమునకు 1884 మొదలు 1887 వరకు దివానుగా నుండి, ఆ పదవిని వదలుకొనినవాడు. బిడ్డకు నెల నిండకమునుపే, ఆ జులై మాసములో, ముప్పది యేండ్లైనను నిండని ఆ తండ్రి మరణించెను. తాత అంతకు ఆరేండ్ల క్రిందటనే గతించెను. ఈ విధముగా ఉయ్యాలలోని పసివానికి ఒక పెద్ద జాగీరు, పెద్ద పేరు, అంతకంటె పెద్దదగు ఇల్లు సంక్రమించినవి.

ఆ ఇంటిని గూర్చి మొదటనే చెప్పవలెను. దేవిడీ అనగా గడప, వాకిలి అని అర్థము. హైదరాబాదులో ఆ మాటను ప్రభువుల భవనములకు వాడుదురు. దివానులు నివసించినది కనుక ఇది దివాన్ దేవిడీ అయ్యెను. చార్మినారునకు ఉత్తరముగా, పత్తర్‌గట్టి ప్రక్కన, బజారు నడుమ ఉండినది. ఈ వంశీయుల పూర్వుడు మీర్ ఆలమ్ 1804లో దివానై 1808లో మరణించువరకు ఆ పదవిలో నుండెను. నగరము వెలుపల నున్న మీర్ ఆలమ్ చెరువు ఆయన పేరనే నిలిచియున్నది. దేవిడీ ఒక్క భవనము కాదు. ఒక వాకిలి దాటిన మరియొక వాకిలి, ఒక ముంగిలి తరువాత మరియొక ముంగిలి, నడుమ తోటలు, నీటితొట్లు. అందు గోడలనిండ అద్దములు పొదిగిన ఐనాఖానా ఒకటి. గోడలలో పింగాణీ పళ్ళెములను అమర్చిన చీనీఖానా మరియొకటి. అన్నము తినుటకు చేసిన పళ్ళెమును గోడకు నగగా పెట్టుట చూచుచు పెరిగిన బాలునకు వస్తువులపై ఎట్టి చూపు ఏర్పడునో ఊహించుకొనవచ్చును.

తాతను గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. మీర్ తురాబ్ అలీఖాన్, మొదటి సాలార్‌జంగు, 1853లో తన ఇరువదినాలుగవ యేట దివానయ్యెను. అప్పటికి సంస్థానము అప్పులలో మునిగియుండెను. పన్నులు వసూలు చేయు హక్కును గుత్తకిచ్చు పద్ధతి వలన రైతు నలిగిపోవుచుండెను. ఆయన ఆ పద్ధతిని తొలగించి, 1865లో సంస్థానమును జిల్లాలుగా విభజించి, జీతము పుచ్చుకొను ఉద్యోగులను నియమించెను. నేడు మనము తెలంగాణములో చూచు రెవెన్యూ ఏర్పాటునకు మూలము అందు కలదు. ముప్పది యేండ్లు దివానుగిరి చేసి 1883 ఫిబ్రవరిలో కలరా సోకి ఒక్క రోజులోనే మరణించెను.

ఆయన 1876లో ఐరోపాకు ప్రయాణమయ్యెను. 1853లో కంపెనీవారికి అప్పగింపబడిన బేరారును తిరిగి సంపాదించవలెనని ఆయన ఆశ. దారిలో పారిస్ నగరమున హోటలు మెట్లమీద జారిపడి కాలు విరుగగొట్టుకొనెను. ఇంగ్లండులో మర్యాదలు చాల జరిగినవి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము గౌరవపట్టమును ఇచ్చెను. బేరారు మాత్రము రాలేదు. ఆ ప్రయాణములోనే రోములో ఒక పాలరాతి బొమ్మను కొనెను. బేరారునకు బదులు రెబెక్కా వచ్చెనని హాస్యమాడవచ్చును గాని, ఆ బొమ్మను ఒకసారి చూచినవారు ఆ బేరమును తప్పుపట్టరు.

ముసుగు కప్పుకొనిన రెబెక్కా బొమ్మ అది. చేసినవాడు బెంజోనీ అను ఇటలీ శిల్పి. బైబిలు కథలో రెబెక్కా తాను పెండ్లాడబోవు ఇస్సాకును దూరమునుండి చూచి ముసుగు వేసికొనును. శిల్పి ఆ క్షణమును పట్టినాడు. మొగము మీద పలుచని వస్త్రము, వస్త్రము వెనుక కన్నులు, ముక్కు, పెదవులు, అన్నియు ఒకే రాయి. వస్త్రమునకును మొగమునకును నడుమ గాలియున్నట్లే తోచును. ఇట్టి రెబెక్కాను బెంజోనీ ఒక్కసారి మాత్రమే చెక్కలేదు, అమెరికా మ్యూజియములలోను ఆ బొమ్మ కలదు. ఈ సంగతి తెలిసినపుడు కొందరికి ఉత్సాహము తగ్గును. తగ్గనవసరము లేదు. మన ఊళ్ళలోని కంచరి ఒకే అచ్చుతో పదిమంది ఇండ్లకు పది దీపపుసెమ్మెలు చేసెను. ఏ ఇంటి సెమ్మె ఆ ఇంటిదే.

తండ్రి, తాత ఇరువురును బాలునకు చిత్రపటములుగా, వారు విడిచిన వస్తువులుగా మాత్రమే పరిచయము. తాత ప్రయాణములో వాడిన పెట్టె, తండ్రి కూర్చుండిన కుర్చీ, ఎవరో పంపిన కానుక, వీని ద్వారానే అతడు తన వారిని తెలిసికొనవలసి యుండెను. వస్తువులను ప్రేమించుటకు ఇదియే కారణమని నేను సాధించలేను. నవాబుగారు తన మనస్సును గూర్చి గ్రంథము వ్రాసి పెట్టలేదు. అయినను ఆయన జీవితము చదువునపుడు ఈ ఊహ నన్ను విడువదు.

1911లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏడవ నిజామైనాడు. మరుసటి యేడు, 1912లో, మహారాజా కిషన్ పర్షాదు స్థానమున యూసుఫ్ అలీఖాన్‌ను దివానుగా నియమించెను. వయస్సు ఇరువదిమూడు. తాతకంటె ఒక యేడు చిన్న. జనులు ఆ తాతనే తలచుకొనియుందురు. కాని కాలము అది కాదు, నిజామును అట్టివాడు కాడు. క్రొత్త నిజాము పరిపాలన పగ్గములను స్వయముగా పట్టదలచినవాడు. 1914 చివరలో యువదివాను పదవినుండి తొలగెను. పిదప అయిదేండ్లపాటు, 1919 వరకు, నిజాము దివాను లేకయే పరిపాలించెను. యూసుఫ్ అలీఖాన్ మరల ఆ పదవికి రాలేదు. ఇరువదియైదేండ్ల వయస్సున ఆయన రాజకీయ జీవితము ముగిసిపోయినది.

అప్పటినుండి మరణమువరకు ముప్పదినాలుగు సంవత్సరములకు పైగా ఒకే పని. పెండ్లి చేసికొనలేదు. పిల్లలు లేరు. పురాతన వస్తువులు అమ్ముకొను వర్తకులు దేశమునుండియు, విదేశములనుండియు దేవిడీ వాకిట బారులు తీరిరి. తాను ఐరోపాకు, పశ్చిమాసియా దేశములకు వెళ్ళినపుడు స్వయముగా కొనెను. వెళ్ళని చోట్ల ఆయన తరఫున కొనువారు ఉండిరి. సంస్థానమంతటిలో ఆయనకు ఎదురైన పోలిక నిజామే. 1937లో ఒక అమెరికా పత్రిక లోకములో మిక్కిలి ధనవంతుడని ముఖచిత్రము వేసిన నిజాము, ప్రాత టోపీతోనే కాలము గడపెననియు, పైసా ఖర్చుచేయుటకు వెనుదీసెననియు కథలు ప్రసిద్ధములు. అదే ఊరిలో ఈ నవాబు వస్తువు కనబడిన చాలును, చేయి చాచుచుండెను.

ఏమేమి కొనెను? ఏమి కొనలేదని అడుగుట సులభము. మొగలాయీ ఖడ్గములు, జేడ్ అను ఆకుపచ్చని రాతితో చేసిన గిన్నెలు, బిదరీ హుక్కాలు, కాశ్మీరు శాలువలు, దంతపు కుర్చీలు, చీనా జాడీలు, జపాను పరదాలు, ఫ్రెంచి పింగాణీ, వెనిస్ గాజు, ఇంగ్లీషు బీరువాలు, నైలునది దేశపు బొమ్మలు, టిబెట్టు పటములు, చేతికర్రలు, గడియారములు, పిల్లల ఆటబొమ్మలు. టిప్పు సుల్తానునకు ఫ్రాన్సు రాజు కానుకగా పంపెనని చెప్పబడు దంతపు కుర్చీలు అందు కలవు. నూర్జహాను పండ్లు కోసికొనిన చాకుగా ప్రసిద్ధికెక్కిన రత్నఖచితమైన చిన్న కత్తి కలదు. ఇట్టి వానిలో ఎన్ని సంప్రదాయ కథలో, ఎన్ని నిశ్చితచరిత్రలో పండితులు తేల్చవలెను. అయినను ఒక్క మాట. ఔరంగజేబుది అని చూపు ఖడ్గము ఎదుట పిల్లలు నోరు తెరచుకొని నిలుచుందురు. నేను మాత్రము ఆ చాకు ఎదుట నిలిచితిని. ఖడ్గము రాజును చూపును. భోజనమైన తరువాత పండు కోసికొను మనుష్యులను చూపునది చాకు. ప్రాత వస్తువుల ఆకర్షణ అంతయు ఇందే యున్నదని నాకు తోచును. ఎవరో ఒక చేయి దానిని పట్టుకొనినది, ఆ పట్టు వలన పిడి నునుపెక్కినది. ఆ చేయి లేదు, నునుపు ఉన్నది.

దేవిడీ గ్రంథాలయమును మరువరాదు. అరబ్బీ, పారసీ, ఉర్దూ వ్రాతప్రతులు ఎనిమిదివేలకు పైగా నేటి మ్యూజియములో కలవు. యాకూత్ అను ప్రసిద్ధ లేఖకుని చేతివ్రాతగా మన్నింపబడు ఖురాను ప్రతి ఒకటి జహంగీరు, షాజహాను, ఔరంగజేబుల సంతకములను వహించియున్నది. హైదరాబాదు నగరమును 1591లో కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీ భాషలో కవిత్వము చెప్పినవాడు. ఆయన కాలమున వ్రాయబడి, చిత్రములతో అలంకరింపబడిన ఆయన కవితా సంపుటము కూడ ఇక్కడనే యున్నది. ఊరు కట్టించిన కవి పుస్తకము ఆ ఊరిలోనే మిగిలియుండుట సామాన్యవిషయము కాదు. గోలకొండ 1687లో మొగలాయీల పాలైన తరువాత ఆ రాజ్యపు సొత్తు ఎక్కడెక్కడికి చెదరిపోయెనో ఎవరు లెక్క చెప్పగలరు?

ఒక ఆక్షేపణ మొదటినుండియు వినబడుచున్నది. నవాబుగారికి సేకరణయే గాని ఎన్నిక లేదనియు, రత్నమును గాజుపూసను ఒకే పళ్ళెరములో పెట్టెననియు రసజ్ఞులు అందురు. దీనిలో నిజము లేకపోలేదు. ఐరోపా చిత్రశాలలో కొన్ని పటములు ప్రసిద్ధ చిత్రములకు నకళ్ళు. కొన్ని శిల్పములును అట్టివే. ఆ కాలపు ఐరోపాలో ధనికుల కూటముల అలంకారమునకు తయారైన చిల్లర సామగ్రియు చాల కలదు. సైకమోరు చెట్టు మ్రానుతో చేసిన జంట బొమ్మను తీసికొనుడు. ముందువైపు గర్వముగా నిలిచిన మెఫిస్టోఫిలిస్, వెనుకవైపు తలవంచిన మార్గరెట్టా. గెటే నాటకములోని పాత్రలు. ఒకే మ్రానులో వీపునకు వీపుగా ఇరువురు. వెనుక నిలువుటద్దము పెట్టి రెండు ముఖములను ఒకేసారి చూపుదురు. శిల్పకళలో దీని స్థానము గొప్పదని ఏ విమర్శకుడును వ్రాయడు. దీనిని మరచిన చూపరిని మాత్రము నేను చూడలేదు.

నకలు, చిల్లర అని తోసివేసిన వానినే తరువాతి కాలము వెదకుకొనవలసి వచ్చును. మహారాజుల కిరీటములను ఎవరైనను దాతురు. పందొమ్మిదవ శతాబ్దపు చేతికర్రను, అత్తరుసీసాను, సీసపు సిపాయీని దాచువారెవరు? వాడి, విరిగినపుడు పారవేయుట లోకరీతి. మా ఇంటిలో మా నాయనమ్మ ప్రయాణములలో తీసికొనిపోవు ఇత్తడి మరచెంబు ఒకటి ఉండెడిది. మూత బిగించినచో చుక్క నీరు కారదు. ఒకనాడు వీధిలోనికి స్టీలుసామానులవాడు వచ్చెను. మరచెంబు, రెండు బిందెలు, ఒక గంగాళము తూచుకొని, తళతళలాడు గిన్నెలు ఇచ్చి వెళ్ళెను. అందరమును సంతోషించితిమి. ఆ గిన్నెలు ఇప్పుడెక్కడ నున్నవో ఎవరికిని తెలియదు. మరచెంబు మాత్రము అందరికిని జ్ఞాపకమున్నది. ఆంధ్రదేశములో ఏ వీధిలో ఇట్టి కథ లేదు? పందిరి మంచములు, కావడి పెట్టెలు, జరీకై కరగించిన పట్టుచీరలు ఇట్లే పోయినవి. ఎన్నిక లేదని నిందింపబడిన నవాబు ఆ స్టీలుసామానులవానికి ఎదురుగా నిలిచినవాడు. ఏదియు తూచి వేయనివాడు.

కాని ఆ డబ్బు ఎక్కడిది? ఈ ప్రశ్న వేయక ముందునకు పోరాదు. నవాబు ఉద్యోగి కాడు, వర్తకుడు కాడు. జాగీర్దారు. హైదరాబాదు సంస్థానములో ఇంచుమించు మూడవవంతు భూమి జాగీర్ల క్రింద నుండెడిది. సాలార్‌జంగు వంశమువారి జాగీర్లు పలుచోట్ల ఉండినవి. నేడు కర్ణాటకములోనున్న కొప్పళ ప్రాంతము వానిలో ఒకటి. అది వానలకు మొగము వాచిన నేల. అచ్చటి జొన్నచేల శిస్తు రోములో, లండనులో పింగాణీగా మారెను. ఈ నవాబు క్రూరుడని చెప్పుటకు నాకు ఆధారము లేదు. ఉదారుడని, పండితులను పోషించెనని ఖ్యాతి. అయినను ఆయన చీనీ జాడీ ఎదుట నిలిచినపుడు దాని వెల చెల్లించినవాడు ఆ జాడీని ఎన్నడును చూడలేదను సంగతి మనస్సున మెదలును. చీటీమీద జాడీ చేసిన దేశము పేరుండును, కాలము ఉండును. వెల చెల్లించినవాని ఊరు ఉండదు.

1948 సెప్టెంబరులో అయిదు దినములలో నిజాము రాజ్యము ముగిసెను. భారతసైన్యము నగరములోనికి వచ్చెను. అప్పటికి నవాబు వయస్సు ఏబదితొమ్మిది. ప్రాతవి సేకరించినవాడు తన కాలమే ప్రాతబడుటను కన్నులార చూచెను. మరుసటి సంవత్సరము, 1949 మార్చి 2వ తేదీన, ఆయన మరణించెను. అయిదు మాసములు గడచిన పిదప, ఆగస్టు 15న, జాగీర్ల రద్దు శాసనము అమలులోనికి వచ్చెను. ఇంకొక సంవత్సరము బ్రతికినచో జాగీరు లేని నవాబుగా బ్రతుకవలసివచ్చెడివాడు.

అప్పుడు నిజమైన చిక్కు వచ్చినది. వారసుడు లేడు. దూరపు బంధువులు అనేకులు హక్కులు చెప్పిరి. వస్తువులు ఒక్క దేవిడీలోనే కాక నవాబుగారి పలుభవనములలో చెల్లాచెదరుగా పడియుండెను. వాటాలు వేసి పంచుకొనినచో రెబెక్కా ఒకచోటికి, గడియారము ఒకచోటికి, యాకూత్ ఖురాను మరియొకచోటికి పోవును. వేలము వేసినచో సముద్రము దాటిపోవును. ముప్పదినాలుగేండ్ల సేకరణ ముప్పదినాలుగు దినములలో చెదరిపోయెడిది. ఎన్నో రాజగృహముల సొత్తు ఆ కాలమున అట్లే చెదరెను. ప్రభుత్వము ఎస్టేటు నిర్వహణకై ఒక సంఘమును ఏర్పరచెను. నవాబు పేర ఒక మ్యూజియము నెలకొల్పవలెనను ఆలోచన నాటి పరిపాలకుడు ఎం. కె. వెల్లోడిది. వస్తువులను పోగుచేసి అమర్చు పనికి జేమ్సు కజిన్సును పిలిపించిరి.

కజిన్సు మన మదనపల్లెకు చిరపరిచితుడు. ఐర్లండులో పుట్టిన కవి, కళావిమర్శకుడు. 1915లో భారతదేశమునకు వచ్చి మదనపల్లె కళాశాలలో పనిచేసెను. 1919లో రవీంద్రుడు అతిథియై వచ్చి జనగణమన గీతమును ఇంగ్లీషులోనికి మార్చినది ఆయన కాలమున, ఆ మదనపల్లెలోనే. మైసూరులో, తిరువనంతపురములో చిత్రశాలలను ఏర్పరచిన అనుభవమును ఆయనకు కలదు. ఏబదులు దాటిపోయి డెబ్బదులలో నున్న ఆ వృద్ధుడు నవాబుగారి భవనములన్నింటి సరకులను చూచి, ఏది ఏ గదికో నిర్ణయించెను. వేలకొలది వస్తువులను వరుసపెట్టుట ఎట్టిదో పాఠశాల గ్రంథాలయము ఒక్కసారి సర్దిన ఉపాధ్యాయుడు ఎరుగును.

1951 డిసెంబరు 16వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియమును ప్రారంభించెను. పూర్వము సలాములు చేయుచు లోనికి పోవలసిన వాకిలి టిక్కెట్టు కొనిన వానికెల్ల తెరువబడెను. బంధువులతో 1958లో రాజీ కుదిరెను. వారు తమ హక్కులను వదలుకొనుటతో సేకరణ భారతప్రభుత్వము వశమయ్యెను. 1961లో పార్లమెంటు చట్టము చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించెను. నాడు దేవిడీలో వస్తువులు వాని ఇంటిలో వానికి నచ్చినట్లు ఉండినవి. ఇల్లు ప్రాతది, ఇరుకైనది. అందుచేత క్రొత్త భవనమునకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ దానిని ప్రారంభించెను. అది మూసీనది దక్షిణపు గట్టున నున్నది. 1908 సెప్టెంబరు 28న వేలమందిని పొట్టబెట్టుకొనిన ఆ నదియొడ్డుననే ఇంత పింగాణీ, ఇంత గాజు నిలుపుటకు ధైర్యము కావలెను. నలుబదివేలకు మించిన వస్తువులు ఇప్పుడు అచ్చట కలవు. 2000లో రెండు ప్రక్కల రెండు భవనములు చేరినవి. ఒకదానికి తాత పేరు, ఒకదానికి తండ్రి పేరు పెట్టిరి.

దేవిడీ మాట చెప్పవలసియున్నది. వస్తువులు వెళ్ళిపోయిన తరువాత దానిని కాపాడవలెనని ఎవరికిని అంతగా తోచలేదు. బజారు నడుమ నేలకు వెల పెరుగుచుండెను. క్రమక్రమముగా భవనములు పడగొట్టబడినవి. అద్దాల ఐనాఖానా పోయినది. పింగాణీ గోడల చీనీఖానా పోయినది. తోటలున్న చోట కొట్లు, వరుస భవంతులు లేచినవి. నవాబు ఈజిప్టునుండి, చీనానుండి ఇతరుల ఇండ్లలోని సామగ్రిని తెచ్చి దాచెను. ఆయన సేకరణలో దేనికంటెను పెద్దదైన ప్రాత వస్తువు ఆయన పెరిగిన ఆ ఇల్లే. దానికి చీటీ కట్టి గాజుబీరువాలో పెట్టుట సాధ్యము కాలేదు. బీరువాలను తరలించినవారికి బీరువాలుండిన గోడలు వస్తువులని తోచలేదు. నూరేండ్లు ఆ గోడలలో కదలక నిలిచిన పళ్ళెములు నాలుగు లారీల మట్టితో పోలిక లేకుండ కలసిపోయినవని తలచినపుడు, మనము మ్యూజియము చూచిన సంతోషము కొంత తగ్గక మానదు.

మిగిలినవి వాకిళ్ళు. దివాన్ దేవిడీ కమాను నేటికిని నిలిచియున్నది. మ్యూజియములో గడియారపు గంటలు విని వెలుపలికి వచ్చు ఉపాధ్యాయులకు వ్యవధి యున్నచో పిల్లలను వెంటబెట్టుకొని పత్తర్‌గట్టి వైపు నడువవచ్చును. దూరము ఎంతో లేదు. దారిలో బట్టల కొట్లు, అత్తరు కొట్లు, గాజుల కొట్లు, పెండ్లిపత్రికలు అచ్చువేయు ముద్రాక్షరశాలలు. కమాను క్రిందుగా జనము ఇటునటు పోవుచుందురు. లోపల ముంగిలి లేదు. తల యెత్తి చూచినచో మాత్రము, పూర్వము దివానుల పల్లకీలు, పిదప విలాయతి వర్తకుల పెట్టెలు లోనికి పోయిన ఆ గడప పైకమ్మి కనబడును.